కాలనీ పార్కు బాగుపడాలంటే: వినతిపత్రం ఇచ్చి ఊరుకోకుండా పని చివరిదాకా ఎలా చేయించుకోవాలి

మీ కాలనీలోనూ ఇలాంటి స్థలం ఒకటి ఉండే ఉంటుంది. గేటుకు తుప్పు పట్టిన తాళం, లోపల నడుమెత్తు వయ్యారిభామ, బల్ల ఊడిపోయి గొలుసులు మాత్రమే వేలాడుతున్న ఊయల, మూలన రాత్రిపూట తాగి పడేసిన సీసాలు. ప్రారంభించినవాళ్ల పేర్లున్న శిలాఫలకం మాత్రం చెక్కుచెదరదు.

దాన్ని చూస్తే ఒకటి అర్థమవుతుంది, ఆ పార్కుకు ఒకప్పుడు డబ్బు వచ్చింది. మన ఊళ్లలో పార్కు కట్టించడానికి డబ్బు ఏదో ఒక దారిలో దొరుకుతుంది, ఎందుకంటే కొబ్బరికాయ కొట్టడానికి, ఫొటో దిగడానికి అందరూ ముందుకొస్తారు. కానీ రోజూ నీళ్లు పెట్టేవాడికి, చెత్త తీసేవాడికి, గేటు తీసి వేసేవాడికి జీతం ఏ పద్దు నుంచి రావాలో ఎవరూ రాసి పెట్టరు. అందుకే నా మాట వింటే మీరు మున్సిపాలిటీకి ఇచ్చే మొదటి కాగితంలోనే బెంచీల కంటే ముందు నిర్వహణ సంగతి అడగండి. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు స్థలం ఎవరిదో తేల్చుకోండి

ఇది విసుగు పుట్టించే పని, అయినా తప్పదు. ఏఈ (మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజినీర్) ఎస్టిమేట్ వేసి ఫైలు పైకి పంపాక "ఈ స్థలం మనదేనా?" అని ఒక్క ప్రశ్న వస్తే చాలు, ఫైలు అక్కడే కూర్చుంటుంది, మీరు మాత్రం కార్పొరేటర్ పట్టించుకోవడం లేదని తిట్టుకుంటూ ఉంటారు.

అనుమతి ఉన్న లేఅవుట్‌లో మామూలుగా మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. ఆ స్థలాన్ని, రోడ్లను లేఅవుట్ వేసినవాళ్లు గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రిజిస్టర్ చేసివ్వాలి. చిక్కంతా ఇక్కడే. చాలా పాత లేఅవుట్లలో ప్లాన్ మీద "పార్కు" అని ఉంటుంది, గిఫ్ట్ డీడ్ మాత్రం జరిగి ఉండదు. గ్రామ పంచాయతీగా ఉన్నప్పుడు వేసిన లేఅవుట్ అయితే ఊరు మున్సిపాలిటీలో కలిశాక ఆ రికార్డు ఏ బీరువాలో పడిందో కనుక్కోవడమే ఒక పని. ఇక అనుమతి లేని లేఅవుట్ అయితే ఖాళీ స్థలం అసలు వదిలారో లేదో కూడా చూడాలి. తెలంగాణలో 2020 నాటి ఎల్ఆర్ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకునేది ఆ వదలని ఖాళీ స్థలానికి బదులుగానే.

మీకు కావాల్సిన కాగితాలు మూడు. లేఅవుట్ ప్లాన్ కాపీ, గిఫ్ట్ డీడ్ కాపీ, ఆ సర్వే నంబరుకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం). ఈసీ సబ్ రిజిస్ట్రార్ దగ్గర దొరుకుతుంది. మిగతా రెండూ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో అడగండి, అక్కడ లేవంటే అప్పట్లో అనుమతి ఇచ్చిన హెచ్ఎండీఏ, ఉడా లేదా డీటీసీపీ ఆఫీసులో అడగండి. నోటితో అడిగితే రేపు రండి అంటారు. ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించినా సరిపోతుంది. "పార్కు గురించిన వివరాలు ఇవ్వండి" అని రాయకండి, దానికి అర పేజీ సోది వస్తుంది. ఫలానా లేఅవుట్ నంబరు, ఫలానా సర్వే నంబరు, ఆ ప్లాన్ ధ్రువీకరించిన నకలు, గిఫ్ట్ డీడ్ నకలు అని అడగండి. జవాబు రాకపోతే మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి చేసుకోవచ్చు, దానికి ఫీజు కూడా లేదు.

గిఫ్ట్ డీడ్ దొరికిందా, వెంటనే ఇంకో చిన్న ఉత్తరం కమిషనర్‌కు రాయండి. ఆ సర్వే నంబరులోని పార్కు స్థలాన్ని రిజిస్ట్రేషన్ శాఖ 22ఏ నిషేధిత జాబితాలో పెట్టించమని. ఆ జాబితాలో ఉంటే ఆ ముక్కను ఎవరో కొత్తగా ప్లాటు చేసి అమ్ముకోవడం అంత తేలిక కాదు. పార్కు కబ్జాలో ఉంటే మాత్రం అభివృద్ధి సంగతి పక్కన పెట్టి ముందు అది తేల్చుకోవాలి, మధ్యలో ఊయలలు పెట్టించి లాభం లేదు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉన్నవాళ్లకు ప్రభుత్వ స్థలాల కబ్జాలు తొలగించడానికి 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా ఉంది, పార్కు స్థలాల ఫిర్యాదులు తీసుకుంటుంది. మిగతా చోట్ల టౌన్ ప్లానింగ్, కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదుల రోజు, ఈ రెండే దారులు.

కబ్జా అంటే ఎప్పుడూ రౌడీలే చేస్తారని కాదు. ఒక మూలన వాటర్ ట్యాంకు, ఇంకో మూలన ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత కమ్యూనిటీ హాలు, ఆ హాలు పక్కన చిన్న గుడి, గుడికి చెప్పుల స్టాండు, ఇలా మంచి పనుల పేరుతోనే పార్కు తరిగిపోతుంది. అన్నీ కావాల్సినవే, కానీ పార్కులో కాదు. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని అక్కడి డెవలప్‌మెంట్ అథారిటీ ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే ఆ వీధుల్లో ఉండేవాళ్లే కోర్టుకెళ్లారు, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. నర్సింగ్ హోమ్ పనికొచ్చేదే అయినా పార్కుకు అది బదులు కాదని ఆ తీర్పు సారం. మీ వార్డులో ఎవరైనా "ఖాళీగానే ఉంది కదా" అన్నప్పుడు ఈ కేసు గుర్తు చేయండి.

పార్కులో వేళకొక మనిషిని కూర్చోబెట్టండి

ఏమేం కావాలో కాలనీ మీటింగ్‌లో తేల్చకండి. మీటింగ్‌కు వచ్చేది రిటైరైన మగవాళ్లు, వాళ్లు అడిగేది వాకింగ్ ట్రాక్, కూర్చోవడానికి బెంచీలు. అవి వద్దని కాదు. తెల్లవారుజామున ఒకరు, బడి వదిలే వేళ ఒకరు, చీకటి పడ్డాక ఒకరు వెళ్లి ఒక గంట కూర్చుని ఎవరు వస్తున్నారు, ఎవరు గేటు దాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నారు చూసి రాసుకోండి. ఆదివారం ఒకటి, మామూలు రోజు ఒకటి చాలు.

ఇలా చూస్తే మీటింగ్‌లో ఎవరూ అనని సంగతులు బయటపడతాయి. స్టీలు జారుడుబల్ల పడమటి ఎండకు ఎదురుగా ఉంటుంది, ఏప్రిల్‌లో సాయంత్రం అయిదు దాటినా పిల్లలు దాని మీద కూర్చోలేరు, చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. దానికి కొత్త జారుడుబల్ల అక్కర్లేదు, చెట్టు నీడకు జరిపితే సరిపోతుంది. ఊయల కింద నేల పిల్లల కాళ్లు రాసుకుని గుంట పడుతుంది, వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి, అక్కడ మందంగా ఇసుక పోయాలి. ఆడవాళ్లు ఆరున్నర తర్వాత రావడం మానేస్తారు, కారణం అడిగితే లైట్లు లేవంటారు, తీరా చూస్తే స్తంభం ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, కానీ కింద కానుగ చెట్టు గుబురుగా పెరిగి వెలుగంతా ఆకుల పైనే ఆగిపోతుంది. లైటు తల చెట్టు కొమ్మల కిందికి ఉండేలా పొట్టి స్తంభాలు వేస్తే సరి.

ప్రహరీ గోడ గురించి ఒక మాట. గోడ ఎత్తు పెంచమని చాలా కాలనీలు అడుగుతాయి, నేనైతే వద్దనే అంటాను. గోడ ఎంత ఎత్తైతే లోపల కూర్చుని తాగేవాళ్లకు అంత చాటు. రెండడుగుల గోడ, దాని మీద ఇనుప గ్రిల్ ఉంటే రోడ్డు మీద పోయేవాళ్లకు లోపల అంతా కనిపిస్తుంది, ఆ కనిపించడమే సగం కాపలా.

వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లు, చేతికర్రతో నడిచేవాళ్లు గేటు దగ్గర మెట్టు ఎక్కలేరు. ర్యాంపు కావాలని రాసేటప్పుడు 1:12 వాలు అని రాయండి, అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. అలా రాయకపోతే బైకులు ఎక్కించుకునే వాలు ఒకటి పోసి ర్యాంపు అంటారు.

రోజువారీ ఫిర్యాదులను, పెద్ద పనులను కలపకండి

మన వినతిపత్రాలన్నీ ఇక్కడే చెడిపోతాయి. ఒకే కాగితంలో వీధి లైటు, కుక్కలు, డ్రైనేజీ, పార్కు, ట్రాక్ అన్నీ రాసేస్తారు. ఆ కాగితం ఏ సెక్షన్‌కు పంపాలో తెలియక ఎవరి టేబుల్ మీదో ఉండిపోతుంది. రెండు రోజుల్లో తీరే పని వేరు, బడ్జెట్ కావాల్సిన పని వేరు.

రెండు రోజుల్లో తీరేవి ముందు తీర్పించుకోండి. వెలగని లైటుకు ఎలక్ట్రికల్ విభాగం, స్తంభం మీద నంబరు ఉంటే అది రాయండి. చెత్తకుప్పకు శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఇంకా దగ్గరి మనిషి కావాలంటే మీ వీధి శానిటరీ జవాను. తీగలకు తగులుతున్న కొమ్మలకు మున్సిపాలిటీ కాదు, కరెంటు ఆఫీసు. గేటు ముందు బండి పెట్టి కదలని వ్యాపారికి, పక్కింటివాళ్లు పార్కులోకి తెరిచిన తలుపుకు టౌన్ ప్లానింగ్. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఈ పని కాస్త తేలిక, వార్డు సచివాలయంలో నీళ్లు, లైట్లు, రోడ్లకు అమెనిటీస్ సెక్రటరీ, చెత్తకు శానిటేషన్ సెక్రటరీ, ఆక్రమణలకు ప్లానింగ్ సెక్రటరీ అని ఎవరి పని వాళ్లకు పంచి ఉంది. నేరుగా వాళ్లనే అడగండి.

యాప్‌లో పెట్టినా, కాల్ సెంటర్‌కు చెప్పినా ఒక ఫిర్యాదులో ఒకే సమస్య రాయండి, పగటి వెలుగులో తీసిన ఫొటో పెట్టండి, పక్కన గుర్తు పట్టే కొట్టో బడో చెప్పండి. ఫిర్యాదు నంబరును కాలనీ వాట్సాప్ గ్రూపులో కాకుండా ఒక నోటు పుస్తకంలో రాయండి, గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వుల కింద అది మళ్లీ దొరకదు. పని కాకుండానే "పరిష్కరించాం" అని మూసేస్తే మళ్లీ తెరిపించి పాత నంబరు కూడా రాయండి. ఈ పుస్తకం తర్వాత చాలా పనికొస్తుంది, ఎందుకంటే పార్కు బోరు మోటారు ఏడాదిలో ఎన్నిసార్లు కాలిపోయిందో, ఎన్నాళ్లు నీళ్లు లేవో అందులో తేదీలతో ఉంటుంది, పెద్ద పనికి అడిగేటప్పుడు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు కాగితం రాయండి

కాలనీ సంఘం రిజిస్టర్ అయి ఉంటే లెటర్‌హెడ్ మీద రాయండి. కాకపోతే కనీసం ఏడుగురు సభ్యులతో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద చేయించుకోవచ్చు, నిర్వహణ ఒప్పందం రాసుకోవాలన్నా, ఖాతా తెరవాలన్నా ఎప్పటికైనా అది కావాలి. అప్పటిదాకా ఆగక్కర్లేదు, ఇంటి నంబర్లతో సంతకాలు పెట్టిన కాగితం కూడా చెల్లుతుంది. సంతకాలు చేసేవాళ్ల ఇంటిపన్ను బకాయిలు లేకుండా చూసుకోండి, చట్టప్రకారం దానికీ దీనికీ సంబంధం లేదు కానీ ఆఫీసులో ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు, మీ నోరు మూయించడానికి. ఏప్రిల్‌లో కడితే అయిదు శాతం తగ్గింపు ఎలాగూ ఉంది.

కాగితం ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన కమిషనర్ గారికి. విషయం: ఫలానా వార్డు, ఫలానా కాలనీ పార్కు (లేఅవుట్ నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం చదరపు గజాల్లో), నీటి వసతి, రోజువారీ నిర్వహణ, లైట్లు, నడక దారి కోసం వచ్చే ఏడాది బడ్జెట్‌లో చేర్చుట గురించి. ఈ స్థలం ఫలానా నంబరు గిఫ్ట్ డీడ్ ద్వారా పురపాలక సంఘానికి చెందినది, నకలు జతపరిచాం. బోరు మోటారు ఫలానా తేదీ నుంచి పని చేయడం లేదు, ఫిర్యాదు నంబర్లు జతపరిచాం. మా అవసరాలు వరసగా: ఒకటి, మోటారు బాగు చేయించి, ఒక తోటమాలిని నియమించడం. రెండు, లైట్లు. మూడు, నడక దారి. నాలుగు, పిల్లల ఆట వస్తువుల మరమ్మతు. దయచేసి ఏఈ గారిని స్థలానికి పంపి ఎస్టిమేట్ తయారు చేయించగలరు."

దీని తర్వాత ఒక పేజీ మ్యాపు, నాలుగు ఫొటోలు. అంతే. పర్యావరణం ఎంత ముఖ్యమో, పచ్చని చెట్లు ప్రగతికి మెట్లని రాయకండి, అది వాళ్లకే కంఠతా వచ్చు. కావాలంటే ఒక్క వాక్యం కలపండి, 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 12వ షెడ్యూల్‌లో పార్కులు, తోటలు, ఆటస్థలాలు పట్టణ స్థానిక సంస్థల పనుల్లో ఉన్నాయని. ఎవరైనా "పార్కులు మా పని కాదు" అంటే చూపించడానికి.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇన్‌వర్డ్‌లో (వచ్చిన కాగితాలు నమోదు చేసుకునే చోట) ఇచ్చి రెండోదాని మీద స్టాంపు, నంబరు, తేదీ వేయించుకోండి. ఆ ఇన్‌వర్డ్ నంబరు లేకపోతే మీరు ఇచ్చింది కాగితం, ఉంటే అది ఫైలు. ఎమ్మెల్యే గారికో చైర్‌పర్సన్ గారికో పూలబొకేతో ఇచ్చినా, అదే రోజు ఇన్‌వర్డ్‌లో కూడా ఇవ్వండి.

డబ్బు ఏ జేబులో ఉందో తెలుసుకోండి

మున్సిపాలిటీలో డబ్బు ఒకే కుండలో ఉండదు. ఇంటిపన్ను, నీటి పన్ను, అనుమతుల ఫీజులతో వచ్చే సాధారణ నిధులు ఉంటాయి, వాటిలోంచి ముందు జీతాలు, కరెంటు బిల్లులు పోతాయి. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంట్లలో షరతులుంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని పారిశుద్ధ్యానికి, తాగునీటికే కట్టేసింది, మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వదిలింది. కాబట్టి "ఆర్థిక సంఘం డబ్బు లేదా?" అని అడిగితే ఉందనే అంటారు, కానీ అది పార్కు బెంచీకి రాకపోవచ్చు. అదే వాన నీటి ఇంకుడు గుంత అయితే నీటి పద్దులో అడగడానికి వీలుంటుంది. పట్టణాల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకంలో 2015 నుంచీ పార్కులు, పచ్చటి స్థలాలు ఒక భాగం, మీ ఊరు ఆ జాబితాలో ఉందేమో అడగండి. ఎంపీ, ఎమ్మెల్యే నియోజకవర్గ నిధులు కట్టడాలకు బాగుంటాయి, జీతాలకు పనికిరావు.

తెలంగాణలో ఉన్నవాళ్లకు ఒక గట్టి పట్టు ఉంది. 2019 పురపాలక చట్టం మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంటుంది. గ్రీన్ బడ్జెట్ అంటారు. దీన్ని ఎక్కువగా రోడ్డు మధ్య డివైడర్ మొక్కలకు, నర్సరీలకు ఖర్చు పెడుతుంటారు. మీ పార్కు తోటమాలి, నీళ్లు, మొక్కల సంరక్షణ ఈ పద్దు కిందికి వచ్చేలా రాయించడానికి గట్టిగా పట్టుబట్టండి, నిర్వహణకు నాకు తెలిసిన మంచి దారి ఇదే. పోయిన ఏడాది గ్రీన్ బడ్జెట్‌లో ఎంత పెట్టారు, ఎంత ఖర్చయింది, ఏ వార్డులో అని ఆర్టీఐ వేస్తే మీ వార్డు వాటా ఎంతో తెలుస్తుంది, అది పట్టుకుని మాట్లాడితే మాట వేరుగా ఉంటుంది. హైదరాబాద్‌కు వేరే చట్టం ఉన్నా 2020 సవరణతో ఈ 10 శాతం అక్కడికీ వచ్చింది.

అదే 2019 చట్టం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు అని నాలుగు కమిటీలు ఉండాలంటుంది, ఒక్కోదాంట్లో 15 మంది. చాలా చోట్ల ఈ కమిటీలు పేరుకే ఉంటాయి, కొందరికి తాము సభ్యులమన్న సంగతే తెలియదు. మీ వార్డు జాబితా అడిగి తీసుకోండి, అందులో మీ కాలనీవాళ్లు ఇద్దరు ముగ్గురు తేలినా వాళ్ల సంతకంతో వెళ్లే కాగితానికి బరువు ఎక్కువ. పుణెలో 2006 నుంచి జనమే తమ వార్డు చిన్న పనులు బడ్జెట్‌కు సూచించే పద్ధతి నడుస్తోంది, మనకు అంత ఏర్పాటు లేదు కానీ ఈ కమిటీల ద్వారా దాదాపు అదే పని చేయించుకోవచ్చు.

సమయం ముఖ్యం. కొత్త బడ్జెట్ ఏప్రిల్‌లో మొదలవుతుంది, అంటే దానికి ప్రతిపాదనలు తయారయ్యేది చలికాలంలో. మీ కాగితం దసరా, దీపావళి మధ్య ఇన్‌వర్డ్ అయి ఉండాలి. ఫిబ్రవరిలో వెళ్తే వచ్చే ఏడాది చూద్దాం అంటారు, అది నిజం కూడా.

ఎస్టిమేట్ రోజు మీరు పక్కన ఉండండి

ఏఈ కొలతలకు వచ్చే రోజు ముందే కనుక్కుని ఇద్దరు పక్కనుండండి, ఒకరు ఆడవాళ్లు అయితే మరీ మంచిది. పార్కు రూపం ఆ అరగంటలోనే ఖాయమవుతుంది. ఎస్టిమేట్ ప్రభుత్వ ఎస్ఎస్ఆర్ (ప్రామాణిక ధరల పట్టిక) రేట్ల ప్రకారం వేస్తారు, రేట్ల మీద మీరు వాదించేది ఏమీ ఉండదు, కానీ ఏ ఐటమ్ ఉండాలో మీరు చెప్పొచ్చు.

నడక దారికి సిమెంటు టైల్స్ వేస్తామంటారు, ఎందుకంటే కొలవడం తేలిక, బిల్లు తేలిక. మొరం పరిచి రోలర్‌తో గట్టిపరిచిన దారి మోకాళ్లకు మేలు, వాన నీళ్లు కూడా భూమిలోకి ఇంకుతాయి, పాడైతే కాలనీవాళ్లే సరిచేసుకోవచ్చు. వీల్‌చెయిర్ తిరగడానికి మాత్రం ఒక వరస గట్టి దారి ఉండాలి. వెడల్పు ఆరడుగులు తగ్గకుండా చూడండి, ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ పోతుంటే వెనకాల వచ్చేవాడు దాటడానికి.

చెట్ల దగ్గర కాంట్రాక్టర్ ఇష్టానికి వదలకండి. కోనోకార్పస్ వద్దని ముందే రాయించండి, తొందరగా పెరుగుతుందని తెచ్చి పెట్టేస్తారు, తర్వాత తీయించడం ఒక యుద్ధం. పచ్చగన్నేరు అందంగా ఉంటుంది కానీ చెట్టంతా విషమే, పిల్లలు తిరిగే చోట వద్దు. వేప, కానుగ, పొగడ మన ఎండకు తట్టుకుంటాయి. నేరేడు మంచిదే, ట్రాక్‌కు దూరంగా పెట్టండి, కాయలు రాలే కాలంలో దారంతా నల్లబడి జారుతుంది.

ఓపెన్ జిమ్ ఇప్పుడు అందరూ అడిగేది. వద్దనను, కానీ బేరింగులు పోతే బాగు చేసే మనిషి ఊళ్లో ఉన్నాడా అని ముందు అడగండి. నాలుగు పరికరాలు పని చేస్తూ ఉండటం పది తుప్పు పట్టి ఉండటం కంటే నయం. టాయిలెట్ సంగతీ అంతే, రోజూ కడిగే మనిషి ఖాయమయ్యాకే కట్టించుకోండి, లేకపోతే ఆర్నెల్లకు దానికి తాళం పడుతుంది.

తీర్మానం నుంచి టెండర్ దాకా

ఎస్టిమేట్ ఏఈ నుంచి ఆయన పై ఇంజినీరు డీఈకి, పని పెద్దదైతే ఇంకా పైనుండే ఈఈకి వెళ్తుంది. సాంకేతిక మంజూరు, పాలనాపరమైన మంజూరు అని రెండు ఉంటాయి. తర్వాత కౌన్సిల్ సమావేశం అజెండాలో రావాలి, కార్పొరేషన్ అయితే స్టాండింగ్ కమిటీ దాకా. పాలకవర్గం గడువు తీరి ఎన్నికలు జరగని రోజుల్లో ప్రత్యేకాధికారి సంతకమే కౌన్సిల్ తీర్మానంతో సమానం, అప్పుడు కార్పొరేటర్ ఇంటి చుట్టూ కాకుండా ఆ అధికారి ఆఫీసుకే వెళ్లాలి.

ఇక్కడ మీరు చేయాల్సిందల్లా ఫైలు ఎక్కడుందో నెలకోసారి అడగడం. మర్యాదగా, ఇన్‌వర్డ్ నంబరు చెప్పి. "సార్, మా ఫైలు డీఈ గారి దగ్గరుందా, అకౌంట్స్‌లో ఉందా?" అని అడిగేవాళ్లకు జవాబు దొరుకుతుంది, "మా పార్కు ఏమైంది?" అని అడిగేవాళ్లకు "ప్రాసెస్‌లో ఉంది" అని వస్తుంది. కౌన్సిల్ సమావేశానికి ముందు అజెండా కార్పొరేటర్‌కు అందుతుంది, మీ ఐటమ్ ఉందో లేదో ఆయనతోనే చూపించుకోండి. పార్కు స్థలంలో ఇంకేదైనా కట్టే ప్రతిపాదన కూడా అదే అజెండాలో దొరుకుతుంది, అప్పుడు తీర్మానం కాకముందే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, అయ్యాక ఇస్తే చాలా కష్టం.

పని జరిగేటప్పుడు

కాంట్రాక్టర్ పని మొదలుపెట్టేలోపు అగ్రిమెంట్, ఎస్టిమేట్ నకళ్లు తీసి పెట్టుకోండి. టెండర్‌లో బాగా తక్కువకు కోట్ చేసి పని దక్కించుకున్నవాడు ఎక్కడో ఒక చోట మిగుల్చుకోవాలి కదా, ఎక్కువగా అది భూమిలో కనిపించని చోటే ఉంటుంది. పైపు ఎంత లోతులో వేశారు, స్తంభం కింద కాంక్రీటు ఎంత పోశారు, ట్రాక్ కింద మొరం ఎన్ని అంగుళాలు పరిచారు. ఇవి పూడ్చకముందే టేపు పెట్టి ఫొటో తీసుకోండి. మేస్త్రీతో గొడవ పెట్టుకోకండి, అతనికి చెప్పిన పని అతను చేస్తాడు, మాట్లాడాల్సింది ఏఈతో.

పని కొలతలు ఎం-బుక్‌లో (మెజర్‌మెంట్ బుక్) రాస్తారు, దాని ప్రకారమే బిల్లు. తేడా అనిపిస్తే ఎం-బుక్ నకలు ఆర్టీఐలో అడగొచ్చు. చాలామందికి తెలియనిది ఏంటంటే ఆర్టీఐ చట్టం కాగితాలకే పరిమితం కాదు, సెక్షన్ 2(జె) ప్రకారం జరుగుతున్న పనిని తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరణతో తీసుకోవడానికి కూడా హక్కు ఉంది. దీన్ని మొదటి రోజే బయటపెట్టి బెదిరించక్కర్లేదు, మీకు తెలుసని వాళ్లకు తెలిస్తే చాలు. అగ్రిమెంట్‌లో లోపాల బాధ్యత కాలం ఎంత అని చూసుకోండి, ఆ గడువు లోపల టైల్ లేచినా, స్తంభం వంగినా బాగు చేయాల్సింది కాంట్రాక్టరే. గడువు తీరే నెల ముందే ఒకసారి పార్కంతా తిరిగి లోపాలన్నీ రాసివ్వండి.

తాళంచెవి ఎవరి దగ్గర?

ప్రారంభోత్సవం ముందే దీని మీద ఒక కాగితం రాసుకోవాలి. నిర్వహణ మున్సిపాలిటీ చేస్తుందా, ఏజెన్సీకి ఇస్తారా, కాలనీ సంఘానికి అప్పగిస్తారా. మూడింటిలో ఏదైనా ఫరవాలేదు, ఎవరూ కాకపోతేనే పార్కు పోతుంది. కొన్ని చోట్ల మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘాల మహిళలకు ఇలాంటి పనులు అప్పగించడం చూశాను, బాగానే నడుస్తుంది, వాళ్లు అదే బస్తీలో ఉంటారు కాబట్టి మోటారు పాడైతే ఆ రోజే తెలుస్తుంది.

కాలనీ సంఘం తీసుకుంటే మాత్రం తొందరపడి అన్నింటికీ తల ఊపకండి. తోటమాలి జీతం ఎవరిస్తారు, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంటుంది, మోటారు కాలిపోతే ఖర్చు ఎవరిది, పెద్ద చెట్టు కూలితే ఎవరు తీస్తారు, ఇవన్నీ రాతలో ఉండాలి. కరెంటు మీటరు సంఘం పేరు మీద పెట్టించుకుని, వేసవిలో బిల్లు చూసి మోటారు వేయడం మానేసిన కాలనీలు ఉన్నాయి. మీటరు మున్సిపాలిటీ పేరు మీదే ఉండనివ్వండి. స్టార్టర్ డబ్బాకు తాళం వేయండి, దాని చెవి తోటమాలి దగ్గర ఒకటి, గేటుకు దగ్గరగా ఉండే ఇంట్లో ఒకటి. గేటు తీసే వేళలు బోర్డు మీద రాయండి, మధ్యాహ్నం మూసేస్తే ఎండన పడి వచ్చే డెలివరీ కుర్రాళ్లు, పనివాళ్లు ఎక్కడ కూర్చుంటారన్నది కూడా ఒకసారి ఆలోచించండి. నన్నడిగితే పగలంతా తెరిచే ఉంచాలి. మన కాలనీవాళ్లకే పార్కు అనే మాట మున్సిపాలిటీ డబ్బుతో కట్టిన చోట కుదరదు, అది చట్టరీత్యా కూడా అందరిదీ.

ఇంక టెంట్ల గొడవ. పుట్టినరోజులు, సీమంతాలు, భోజనాలు పార్కులో పెట్టుకోవచ్చా అన్నది ప్రతి కాలనీలో తగాదా అయ్యే విషయం. బతుకమ్మ ఆడుకోవడానికి, వినాయక చవితికి ఎలాగూ అందరూ ఒప్పుకుంటారు, అవి అందరివీ కాబట్టి. సొంత ఫంక్షన్లకు మాత్రం వద్దని మొదటి రోజే తీర్మానం చేసుకోండి, ఎందుకంటే అధ్యక్షుడి మనవరాలి ఫంక్షన్‌కు టెంటు వేశాక మిగతావాళ్లకు వద్దని చెప్పలేరు. టెంటు గుంజల కోసం తవ్విన గుంటలు, ఒలికిన సాంబారుకు చేరే చీమలు, కాలిపోయిన లాన్, ఇవన్నీ తోటమాలి నెత్తిన పడతాయి.

నెలకోసారి ఎవరో ఒకరు ఆ నోటు పుస్తకం పట్టుకుని పార్కు చుట్టూ తిరగాలి. ఊయల కొక్కేలు అరిగాయా, బెంచీ చెక్కకు మేకులు లేచాయా, లైట్లలో ఎన్ని వెలుగుతున్నాయి, చెత్త ఆటో వచ్చిందా, తోటమాలికి జీతం అందిందా. చివరిది తప్పకుండా అడగండి, ఏజెన్సీ కింద పనిచేసేవాళ్లకు రెండు మూడు నెలలు జీతం ఆగినా పైకి చెప్పరు, మొక్కలు ఎండిపోతుంటే మనం అతన్నే కోప్పడతాం. రాసిందాన్ని మళ్లీ దసరా తర్వాత వచ్చే ఏడాది నిర్వహణ ప్రతిపాదనకు జతచేసి ఇన్‌వర్డ్‌లో ఇవ్వండి, ఈసారి గిఫ్ట్ డీడ్ నకలు కోసం తిరిగే పని ఉండదు.